చట్టసభలో విధానపరమైన అభ్యంతరం: పునర్విభజన బిల్లు సందర్భం

1. ప్రవేశిక

చట్టసభ చర్చలో అభ్యంతరం రెండు విధాలు. మొదటిది విషయానికి, రెండవది విధానానికి సంబంధించినది. రెండవదానిని లేవనెత్తే సాధనమే ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను కొత్త రాష్ట్రంలో చేర్చిన ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు ఈ సాధనం శక్తిని, పరిమితిని కూడా తెలుపుతుంది.

2. నిబంధన స్వరూపం

లోక్‌సభ 376వ నిబంధన ప్రకారం పాయింట్ ఆఫ్ ఆర్డర్ సభా నియమాల అన్వయానికో, సభా వ్యవహారాలను నియంత్రించే రాజ్యాంగ అధికరణాలకో సంబంధించి ఉండాలి. ఆ క్షణాన సభ ముందున్న అంశానికే అది పరిమితం. సమాచారం కోరడానికి గాని, స్వీయ వైఖరి వివరించడానికి గాని దానిని వాడరాదు. తీర్మానాన్ని ఓటుకు పెడుతున్నప్పుడు లేవనెత్తరాదు. దానిపై చర్చ ఉండదు; నిర్ణయం స్పీకర్‌దే.

3. శాసనసభలో వివాదం

రాష్ట్రపతి పంపిన బిల్లు 2013 డిసెంబరులో శాసనసభకు చేరింది. మూడవ అధికరణం ప్రకారం సభ అభిప్రాయం తెలపాలి. సమ్మతి అవసరం లేదు. బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1960 నాటికే ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనవసరం లేదని తేల్చింది. బిల్లు సభ ముందున్న కాలంలోనే మంథని శాసనసభ్యుడు డి.శ్రీధర్‌బాబు నుండి శాసనసభా వ్యవహారాల శాఖను తప్పించారు. బిల్లును తిరస్కరించాలని ముఖ్యమంత్రి ఎన్.కిరణ్‌కుమార్ రెడ్డి 77వ నిబంధన కింద నోటీసు ఇవ్వగా తెలంగాణ సభ్యులు అభ్యంతరం తెలిపారు. అయినా 2014 జనవరి 30న తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది.

4. పార్లమెంటులో పరిణామం

ఆ తిరస్కారం పార్లమెంటును ఆపలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ గందరగోళం నడుమ బిల్లును ఆమోదించాయి. హైదరాబాదు శాంతిభద్రతలపై గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ అవసరమని రాజ్యసభలో అరుణ్ జైట్లీ వాదించారు. ఇది బిల్లు రాజ్యాంగబద్ధతకు చెందిన ప్రశ్న. అటువంటి ప్రశ్నను అధ్యక్షస్థానం తాను తేల్చక సభకే విడిచిపెట్టడం సంప్రదాయం.

5. ముగింపు

సభా విధానంలో లోపం ఉన్నదనే కారణంతో పార్లమెంటు చర్యను న్యాయస్థానంలో ప్రశ్నించరాదని 122వ అధికరణం, శాసనసభ చర్యను ప్రశ్నించరాదని 212వ అధికరణం చెబుతున్నాయి. కనుక కేవల విధాన లోపానికి పరిష్కారం సభలోనే, ఆ క్షణంలోనే దొరకాలి. సభ్యుని మాట అధ్యక్షస్థానానికి వినబడని గందరగోళంలో ముందుగా నష్టపోయేది ఈ హక్కే. ఆ నష్టం బిల్లును సమర్థించినవారికీ, వ్యతిరేకించినవారికీ సమానమే.