కాలు చేసే చేతులకు కూలి ఎంత?

1985లో వచ్చిన ‘మయూరి’ సినిమా చూడని తెలుగు కుటుంబం మా తరంలో అరుదు. ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధాచంద్రన్, జైపూర్ కాలు తొడుక్కుని మళ్ళీ గజ్జె కట్టిన కథ అది. తన పాత్రను తానే పోషించింది. మనందరం కళ్ళు తుడుచుకున్నాం, ఆ అమ్మాయి పట్టుదలను పిల్లలకు చెప్పుకున్నాం. ఆ కాలు చేసిన మనిషి నెల జీతం ఎంత అని మాత్రం ఎవరం అడగలేదు. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో ఇతరుల జీతాల కాగితాలు తిరగేస్తున్నవాణ్ణి కనుక నాకు ముందుగా తట్టేది ఆ ప్రశ్నే.

మన కోర్పనా తాలూకాకు ఇది దూరపు విషయం కాదు. సిమెంటు ఫ్యాక్టరీలు, జిల్లా నిండా బొగ్గు గనులు, రాత్రింబవళ్ళు లారీలు. వీటికి తోడు ఇప్పుడు చక్కెర వ్యాధి. కాలు పోవడానికి దారులు చాలానే ఉన్నాయి. పోలియో సోకిన పాత తరం వారు కాలిపర్లతో ఇంకా మన మధ్యే తిరుగుతున్నారు. పది లక్షల జనాభాకు ఈ విద్య తెలిసిన నిపుణులు 5 నుంచి 10 మంది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వెలువరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం చంద్రపూర్ జిల్లా జనం 22 లక్షలు. అంటే మన జిల్లాకు 11 నుంచి 22 మంది కావాలి. నాకు ముఖపరిచయం ఉన్నవారు ఇద్దరే!

కృత్రిమ అవయవాలు చేసేవారిని ప్రాస్థెటిస్టులనీ, కాలిపర్లు, నడుము పట్టీల వంటివి చేసేవారిని ఆర్థోటిస్టులనీ అంటారు. మన దేశంలో రెండూ ఒకే చదువు. నాలుగేళ్ళ డిగ్రీ, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ముంబైలో హాజీ అలీ దగ్గరి సంస్థలోనూ, కటక్ దగ్గర ఒలత్‌పూర్‌లోనూ, కలకత్తాలోనూ ఈ కోర్సు ఉంది. మిగిలిన కాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీయాలి, ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి కాలి ఆకారం రాబట్టాలి, బరువు ఎక్కడ మోపవచ్చో ఎక్కడ మోపకూడదో చూసి చెక్కాలి, దాని మీద సాకెట్ తయారు చేయాలి. తర్వాత మనిషిని నడిపించి చూడాలి. ఎక్కడైనా కాస్త ఒరుసుకుంటే పుండు పడుతుంది, పుండు పడితే ఆ కాలు అటకెక్కుతుంది. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో మిగిలిన కాలు సన్నబడుతుంది, సాకెట్ వదులవుతుంది. ఎదిగే పిల్లలకైతే మాటిమాటికీ మార్చవలసిందే. అందుచేత ఇది ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే వస్తువు కాదు. చేసిన మనిషి అందుబాటులో ఉండాలి, ఉండాలంటే అతనికి అక్కడ బతుకు గడవాలి.

పేరు విషయంలోనూ వీళ్ళది వెనక వరుసే. 1968లో జైపూర్ కాలును రూపొందించిన వారిలో డాక్టర్ పి.కె. సేథీతో పాటు రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు ఉన్నాడు. సేథీ గారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది, అందుకు ఆయన అన్నివిధాలా అర్హుడు. శర్మ పేరు మనలో ఎందరికి తెలుసు? మన హైదరాబాదు నిమ్స్‌లో పిల్లలు మోస్తున్న మూడు కిలోల కాలిపర్ల స్థానంలో, క్షిపణుల కోసం తయారైన పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు వచ్చాయని అబ్దుల్ కలాం గారు ఎంతో సంతోషంగా చెప్పేవారు. బరువు తగ్గించింది శాస్త్రవేత్తలే. అయినా ఒక్కొక్క పిల్లవాడి కాలికి కొలత తీసి అమర్చవలసింది ఈ నిపుణుడే కదా.

ఇక జీతం సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు బండి ఋణానికి మా శాఖకు వచ్చాడు. ఈ డిగ్రీ చదివినవాడు, పనిలో నేర్పరి. కాగితాలు చూస్తే పదకొండు నెలల కాంట్రాక్టు, మొత్తం కలిపి నెలకు 18 వేలు. పీ.ఎఫ్. లేదు. పన్నెండో నెల ఏమిటని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అర్హత గురించి ఇంత గట్టిగా చెప్పిన చట్టం జీతం గురించి ఒక్క మాటా చెప్పలేదు.

చిన్న వర్క్‌షాపుల లెక్క ఇంకా విచిత్రం. సాధారణంగా పీ.ఎఫ్. తప్పనిసరి కావాలంటే సంస్థలో 20 మంది ఉద్యోగులుండాలి, గ్రాట్యుటీకి, ఈ.ఎస్.ఐ.కి పది మంది. నలుగురైదుగురితో నడిచే చోట ఈ మూడూ ఉండవు. ఫ్యాక్టరీలో కాలు పోయిన కార్మికుడికి ఈ.ఎస్.ఐ. కృత్రిమ కాలు ఇప్పిస్తుంది. ప్లాస్టర్ దుమ్ములో, రెజిన్ వాసనలో ఆ కాలు చేసేవాడికి జబ్బు చేస్తే మాత్రం సొంత జేబే దిక్కు.

ఉచిత శిబిరాలను నేను తప్పుపట్టడం లేదు. జైపూర్‌లోని భగవాన్ మహావీర్ సమితి 1975 నుంచి ఉచితంగా కాళ్ళు ఇస్తోంది, అది లేకపోతే లక్షల మంది నేలమీద పాకుతూ ఉండేవారు. నా ఫిర్యాదల్లా మన ఊళ్ళ శిబిరాల జమాఖర్చుల మీద. నేను చూసిన ఒక పద్దుల పుస్తకంలో షామియానా, భోజనాలు, శాలువాలు, పూలదండలు వేర్వేరుగా ఉన్నాయి. కాళ్ళు అమర్చిన వాళ్ళ పారితోషికం ‘ప్రయాణ ఖర్చులు, ఇతరములు’లో కలిసిపోయింది. ఆరు నెలల తర్వాత చేయవలసిన మరమ్మతుకు పద్దే లేదు.

అమెరికాలో ఈ వృత్తివారి మధ్యస్థ వార్షిక వేతనం 2023లో సుమారు 78 వేల డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి నిట్టూర్చడం నాకు ఇష్టం లేదు. అక్కడి ఇంటద్దెలు వేరు, దీనికి మాస్టర్స్ చదివిన అప్పులు వేరు. అక్కడ ఇది వైద్య వృత్తుల్లో ఒకటిగా లెక్క, ఇక్కడ ఇంకా సేవగానే చలామణి అవుతోంది. తేడా అదీ.

సొంతంగా పెట్టుకోదలచిన వారికి బ్యాంకువాడిగా ఒక మాట. ఓవెన్, గ్రైండింగ్ యంత్రం, వాక్యూమ్ పంపు వంటి సామగ్రికి తాకట్టు లేని ముద్ర ఋణం అడగవచ్చు. 2015లో పది లక్షల వరకు మొదలైన పథకం అది. మునుపటి తరుణ్ ఋణం సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి ఇరవై లక్షల దాకా పెంచారు. పీ.ఎఫ్. లేనివారు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీ.పీ.ఎఫ్. ఖాతా తెరిచి పదిహేనేళ్ళు ఓపిక పట్టడం మేలు.

ఆ బండి ఋణం కుర్రాడు సొంత వర్క్‌షాపు పెట్టలేదు. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. జీతం దాదాపు రెట్టింపు, పీ.ఎఫ్. ఉంది. కిస్తీలు ఠంచనుగా కట్టాడు. కోర్పనా చుట్టుపక్కల అతను కాళ్ళు అమర్చినవాళ్ళు ఇప్పుడు పట్టీ తెగినా, సాకెట్ వదులైనా ఆదిలాబాద్ మీదుగా బస్సులు మారి అతని దగ్గరికే వెళ్తున్నారు.