తాబేలు డొప్ప కింద బంగినపల్లి

వేసవి సెలవుల్లో ఆదివారం సాయంత్రం. కొండాపూర్‌లో పదకొండో అంతస్తు. ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలతో కలిపి పన్నెండు మందిమి, అందులో ఆరుగురు పిల్లలు. పొద్దున కోసిపెట్టిన బొప్పాయి ముక్కల వంక ఒక్కరూ చూడలేదు. సాయంత్రం మాత్రం పళ్లెం చుట్టూ తోపులాట, కారణం ఓ తాబేలు.

చేయడం తేలికే. బాగా కడిగిన పుచ్చకాయని అడ్డంగా రెండుగా కోసి, గుజ్జంతా తీసేసి, ఒక డొప్పని పెద్ద పళ్లెంలో బోర్లించాలి. పైతొక్క మీద చాకు కొనతో గళ్లు గీస్తే పచ్చ తొలిగి తెల్లటి గీతలు బయటపడతాయి. తలకి సపోటా, కళ్లకి లవంగాలు, కాళ్లకి నాలుగు జామ ముక్కలు; తలా కాళ్లూ పుల్లలతో గుచ్చాలి. ఇక అసలు సరదా డొప్ప ఎత్తితేనే. కింద మామిడి, పుచ్చ, ద్రాక్ష ముక్కల గుట్ట! మా చిన్నది డొప్ప ఎత్తి, మళ్లీ మూసి, మళ్లీ ఎత్తింది. అలా ఎత్తిన ప్రతిసారీ ఓ ముక్క నోట్లోకి.

ఈ పళ్లెం మొదటిసారే ఇంత చక్కగా కుదరలేదు. పోయినేడు మధ్యాహ్నం ఆఫీసు కాల్ ఉందని పొద్దున ఎనిమిదింటికే అన్నీ కోసేశాను. సాయంత్రానికి యాపిల్ గోధుమరంగుకి తిరిగింది, అరటి నల్లబడింది, పుచ్చకాయ నీళ్లలో అన్నీ ఈదుతున్నాయి. మా అత్తయ్య చూసి, "కోసిన పండుకి మీ ఆఫీసు టైములు తెలుస్తాయా అమ్మాయ్!" అన్నారు. కోసిన చోట గాలి తగలగానే పండులోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పని మొదలుపెడుతుంది, రంగు మారేది అందుకే. కాస్త నిమ్మరసం పట్టిస్తే దాని జోరు తగ్గుతుంది. పుచ్చ ముక్కల్ని కాసేపు చిల్లుల గిన్నెలో వేసి నీరు ఓడ్చాలి. ఉప్పూ చక్కెరా ముందే చల్లితే ఇంకా నీరు ఊరుతుంది. అరటిని అందరూ కూర్చున్నాకే కోయాలి. కోసిన ముక్కల్ని రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు.

పెద్ద చాకు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. పిల్లలకి స్టీలు చెంచా ఇస్తే ఖర్బూజా గుజ్జుని గుండ్రంగా తీస్తారు. కజ్జికాయల అంచులు కోసే చక్రం ఇస్తే బొప్పాయి ముక్కలకి వంకీలు దిద్దుతారు. ఐదేళ్లలోపు వాళ్లుంటే ద్రాక్షని నిలువుగా చీల్చాలి, గుండ్రటి పండు గొంతుకి అడ్డం పడుతుంది. ఎన్ని పుల్లలు గుచ్చారో లెక్క పెట్టుకోండి, తీసేటప్పుడు అన్నీ దొరకాలి.

ఆర్డరిస్తే కివీ, బ్లూబెర్రీలతో అద్దాల పెట్టెలా మెరిసే పళ్లెం ఇంటికే వస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ దాన్ని చెదరగొట్టడానికి పిల్లలే జంకుతారు. నేనైతే కూకట్‌పల్లి రైతుబజారుకే ఓటేస్తాను. మా మాదాపూర్ ఐటీ ఆఫీసుల సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంటే, రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఇప్పుడు ఒకదాని జీతం రెండోదానిలో ఖర్చవుతోంది! బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంత పేరున్న పండునీ కార్బైడ్‌తో మగ్గించేవాళ్లున్నారు, ఆ పద్ధతిపై నిషేధం ఉన్నా. రంగు చూసి మోసపోకండి, ముచ్చిక దగ్గర వాసన చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి మనిషికి 100 గ్రాముల పండ్లు తినమంటోంది. పన్నెండు మందికి కిలోంబావు చాలన్నమాట. మా తాబేలు కింద అంతకు రెట్టింపే ఉంది, అయినా మిగల్లేదు.

ఈలోగా మామయ్య తాటిముంజలు తెచ్చారు. ఒక్కో కాయలో మూడు ముంజలు, "ముక్కంటి కాయ" అంటూ పిల్లలకి చూపించారు. అంతా తిన్నాక ఖాళీ కాయలు రెండు తీసుకుని, వాటిని పుల్లతో కలిపి, దానికి పంగలకర్ర తగిలించి బండి చేశారు. ఆయన చిన్నప్పుడు ఊరి వీధుల్లో తోలిన బండే. ఆరుగురూ వంతులేసుకుని లిఫ్టు నుంచి మెట్ల దాకా తోలారు. పళ్లతో ఆడుకోవడం కొత్త ఫ్యాషనేమీ కాదు, భోగికి రేగిపళ్లు నెత్తిన పోయించుకున్న పిల్లలేగా మనమంతా.

చివరికి పళ్లెంలో డొప్ప ఒక్కటే మిగిలింది. పచ్చ చెక్కు తీసి, తెల్ల భాగాన్ని ముక్కలు కోశాను. సోమవారం మాదాపూర్‌లో నా లంచ్ బాక్సులో పుచ్చకాయ పప్పు.