రెండు దేశాలకు ఒకే పుస్తకం

ఫ్రాన్సు దేశపు సరిహద్దున, రైన్ నది ఒడ్డున, స్ట్రాస్‌బర్గ్ అనే నగరం ఉన్నది. నది దాటితే జర్మనీ. 1865లో ఆ నగరంలో ఒక ఆడపిల్ల పుట్టిందనుకుందాం. పుట్టినప్పుడు ఆమెది ఫ్రాన్సు. ఆమెకు ఆరేళ్లు వచ్చేసరికి జర్మనీ యుద్ధంలో గెలిచి ఆ ప్రాంతాన్ని తనలో కలుపుకున్నది. 1918లో జర్మనీ ఓడిపోయింది, ఆ ప్రాంతం మళ్లీ ఫ్రాన్సుకు వచ్చింది. 1940లో హిట్లరు సేనలు వచ్చి దాన్ని తిరిగి జర్మనీలో కలిపాయి. 1944లో ఆ సేనలను తరిమేశారు, నగరం మళ్లీ ఫ్రాన్సుది అయింది. డెబ్భై తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ ముసలమ్మ నాలుగుసార్లు దేశం మారింది. ఇల్లు మాత్రం ఒక్కసారి కూడా మారలేదు!

ఇది వింటే మనకు నవ్వు వస్తుంది. కాని ఆ ఊరివాళ్లకు నవ్వు రాలేదు. 1870 నుంచి 1945 లోపల ఈ రెండు దేశాలూ మూడుసార్లు యుద్ధం చేశాయి. 1916లో ఒక్క వెర్డన్ దగ్గరనే పది నెలలపాటు పోరాటం జరిగి, రెండు వైపులా కలిసి సుమారు మూడు లక్షలమంది చనిపోయారు. తాతలు పోరాడారు, తండ్రులు పోరాడారు, కొడుకులూ పోరాడారు.

ఈ పగ ఇలా తరతరాలూ ఎందుకు సాగింది? దానికి చాలా కారణాలున్నాయి. వాటిలో ఒకటి బడిపిల్లల సంచుల్లోనే ఉండేది. అదే చరిత్ర పుస్తకం! ఒకే యుద్ధాన్ని గురించి నదికి ఈవలి బడిలో ఒక కథ, ఆవలి బడిలో మరొక కథ చెప్పేవారు. రెండు పుస్తకాలలోనూ తప్పంతా ఎదుటివాడిదే. ఈ సంగతి గ్రహించి, 1951లో రెండు దేశాల చరిత్రకారులు కలిసి కూర్చున్నారు. తగాదా పుట్టించే విషయాలను ఒక్కొక్కటిగా చర్చించి, ఇద్దరికీ ఒప్పుదలయిన మాటలు రాసి పెట్టారు.

అయితే పుస్తకాలు దిద్దితే చాలునా? మనుషులు కలుసుకోవద్దూ?

1962 సెప్టెంబరు 9న ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్ జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ అనే ఊరికి వచ్చాడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనులకు ఖైదీగా చిక్కినవాడు. ఖైదులోనుంచి అయిదుసార్లు పారిపోవాలని చూసి, అయిదుసార్లూ పట్టుబడినవాడు. రెండవ యుద్ధంలో జర్మనీని ఎదిరించి నిలిచినవాడు. అటువంటి మనిషి ఆనాడు వేలకొద్దీ జర్మను యువకుల ముందు నిలబడి, వాళ్ల భాషలోనే ఉపన్యసించాడు. మీరు ఒక గొప్ప జాతి బిడ్డలని వాళ్లను మెచ్చుకున్నాడు. శత్రువు నోట తమ భాష విని వాళ్లు ఆశ్చర్యపోయారు.

మరుసటి ఏడు జనవరి 22న పారిస్‌లో ఆయనా, జర్మనీ ప్రధాని అడెనావరూ ఒక స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. దానిలో సైన్యాల మాటతోపాటు బడిపిల్లల మాట కూడా ఉన్నది. ఒక దేశపు పిల్లలు రెండవ దేశపు భాష నేర్చుకోవాలి, ఒకరి ఇళ్లకు ఒకరు వెళ్లాలి అన్నారు. అందుకోసం 1963 జులై 5న ఇద్దరూ కలిసి ఒక యువజన కార్యాలయాన్ని స్థాపించారు. పిల్లల ప్రయాణపు ఖర్చులో కొంత అది భరిస్తుంది.

పద్ధతి చాలా సులువు. ముందు ఇద్దరు పిల్లలు కలం స్నేహితులవుతారు. తరవాత ఒకడు రెండవవాడి ఇంటికి వెళ్లి, వాళ్ల బల్ల దగ్గరే తిని, వాళ్ల బడికే వెళ్లి, కొద్దిరోజులు గడుపుతాడు. ఆ పైన రెండవవాడు ఇతని ఇంటికి వస్తాడు.

చెప్పడానికి సులువే! కాని ఆ తొలి రోజులలో, యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న ఇంటికి ఆ శత్రుదేశపు కుర్రవాడు పెట్టె పట్టుకుని వస్తే, ఆ తల్లికి ఎలా ఉంటుంది? తలుపు తీయడానికే ఎంతో ధైర్యం కావాలి. లోపలికి అడుగుపెట్టడానికీ అంత ధైర్యమూ కావాలి.

చిన్న చిన్న తికమకలు కూడా వచ్చేవి. చాలా జర్మను ఇళ్లలో రాత్రిపూట రొట్టె, జున్ను, చల్లటి మాంసపు ముక్కలు తిని ఊరుకుంటారు. వేడివేడి భోజనానికి అలవాటుపడ్డ ఫ్రెంచి పిల్లవాడు, "ఈ ఇంట్లో పొయ్యి వెలిగించరా?" అనుకుంటాడు. జర్మనీ బళ్లు చాలావరకు మధ్యాహ్నానికే వదిలేసేవి. ఫ్రెంచి బళ్లు సాయంత్రందాకా సాగుతాయి. జర్మను పిల్లవాడు గడియారం చూసి చూసి విసిగిపోతాడు! ఇలాంటి వింతలు చూసినకొద్దీ, "వాళ్లు" అనే మాట పోయి, ఒక పేరు, ఒక ముఖం మనసులో నిలుస్తాయి. పేరూ ముఖమూ తెలిసినవాణ్ని ద్వేషించడం కష్టం. 2023లో ఆ కార్యాలయానికి అరవై ఏళ్లు నిండేనాటికి తొంభై లక్షలకు పైగా యువతీయువకులు ఇలా వెళ్లివచ్చారు.

ఇక అసలు కథ వినండి. 2003 జనవరిలో, ఒప్పందానికి నలభై ఏళ్లు నిండిన సందర్భాన, రెండు దేశాల నుంచీ సుమారు 500 మంది విద్యార్థులు బెర్లిన్ నగరంలో సభ చేశారు. పెద్దల పార్లమెంటులోలాగే వాదించుకుని, తమ కోరికలు తీర్మానించి, ఫ్రాన్సు అధ్యక్షుడు షిరాక్‌కూ, జర్మనీ ప్రధాని ష్రోడర్‌కూ విన్నవించారు. వాటిలో ఒక కోరిక ఏమిటో తెలుసా? "మాకు రెండు చరిత్రలు వద్దు. రెండు దేశాల బళ్లలోనూ చదువుకోవడానికి ఒకే చరిత్ర పుస్తకం కావాలి" అన్నారు.

పెద్దలు ఆ మాటను తోసివేయలేదు. ఫ్రెంచి, జర్మను రచయితలు కలిసి పనికి పూనుకున్నారు. 2006లో మొదటి సంపుటం, 2008లో రెండవది, 2011లో మూడవది వచ్చాయి. పై తరగతులవారి కోసం రాసిన పుస్తకం అది. భాషలు రెండు, విషయం ఒకటే.

మరి రచయితలకు వాదులాట రాలేదా? వచ్చింది! ఆశ్చర్యమేమంటే, పాత యుద్ధాల గురించి కన్న 1945 తరవాతి అమెరికా గురించి ఎక్కువ భేదం వచ్చింది. 1948లో పశ్చిమ బెర్లిన్‌కు దారులన్నీ మూసేసినప్పుడు విమానాలలో తిండీ బొగ్గూ తెచ్చినవారిలో అమెరికా ముఖ్యం. జర్మనులకు అది మరపురాని మేలు. ఫ్రెంచివారికి మాత్రం అమెరికా పెత్తనం మీద అనుమానం ఎక్కువ. అప్పుడు రచయితలు ఏం చేశారు? భేదాన్ని దాచలేదు. ఫ్రెంచివారు ఎలా చూస్తారో, జర్మనులు ఎలా చూస్తారో పక్కపక్కనే రాశారు.

మన దేశంలో కూడా పూర్వం పండితులు వాదానికి కూర్చుంటే, ముందు ఎదుటివాడి మాటను సరిగా చెప్పి, ఆ తరవాతనే తమ మాట చెప్పేవారు. దానికి పూర్వపక్షం అని పేరు. మీ బడిలో చర్చ జరిగినప్పుడు ఇలా చేసి చూడండి. ఎదుటివాడు "అవును, నేనన్నది అదే" అనేలా అతని మాట మీరు చెప్పగలగాలి. అది గెలవడం కంటే కష్టం!

ఆ పుస్తకాన్ని అన్ని బళ్లూ వాడలేదు. ఒక్క పుస్తకంతో తగవులన్నీ తీరిపోవు కూడా. కాని 1945 తరవాత ఆ రెండు దేశాల మధ్యా మళ్లీ యుద్ధం రాలేదు.

2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రాము రైన్ నది మీది వంతెన దాటి జర్మనీలోని కేల్ పట్టణానికి వెళుతున్నది. మన ముసలమ్మ ఇప్పుడుంటే ఎంత సంతోషించేదో! అప్పట్లో ఆమెను ఒక దేశం నుంచి మరో దేశానికి మార్చడానికి ప్రతిసారీ ఒక సైన్యం రావలసివచ్చింది. ఇప్పుడైతే ఒక్క ట్రాము టిక్కెట్టు చాలును.