దేశాల ఒప్పందానికీ మన మందుల చీటీకీ ఏమిటి సంబంధం?

తాండూరు వైపు నుండి వచ్చిన ఒక తల్లి కొడుకు మందుల పొట్లం నా చేతిలో పెట్టి, "సిస్టరమ్మా, గోలీలు శాన పిరమున్నయి. రెండుపూటల గోలీ ఒక్కపూటే ఏస్తున్నం" అని చెప్పింది. వార్డులో పనిచేసే మాకు ఇలాంటి మాటలు కొత్త కాదు. మందు సగం వేసుకుంటే జబ్బు సగం తగ్గదు, పైగా ముదురుతుంది. అయితే మందు ధర షాపులోనే నిర్ణయమవుతుందని అనుకోకండి. కొన్నిసార్లు అది దేశాల మధ్య జరిగే చర్చలలో నిర్ణయమవుతుంది. ఆ సంగతి ఇక్కడ తెలుసుకుందాం.

పేటెంట్ అంటే ఏమిటి?

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి 20 సంవత్సరాలపాటు ఆ మందుపై ఇచ్చే ప్రత్యేక హక్కును పేటెంట్ అంటారు. ఆ కాలంలో అనుమతి లేకుండా ఇతరులు ఆ మందును తయారుచేయకూడదు. గడువు తీరాక అదే మందును ఇతర కంపెనీలు తక్కువ ధరకు తయారుచేస్తాయి. వాటినే జనరిక్ మందులు అంటారు.

ధరలో ఎంత తేడా వస్తుందో చూడండి. హెచ్.ఐ.వి. మందులకు ఒక్కో రోగికి ఏడాదికి 10,000 డాలర్ల పైన ఖర్చయ్యే రోజులలో, 2001లో మన దేశపు సిప్లా కంపెనీ వాటిని 350 డాలర్లకే ఇస్తామని ముందుకు వచ్చింది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే ఒక మందుకు నెలకు సుమారు 2,80,000 రూపాయలు అయ్యేది. 2012లో మన ప్రభుత్వ పేటెంట్ కార్యాలయం హైదరాబాదులోని నాట్కో కంపెనీకి దాని తయారీకి అనుమతి ఇచ్చి, నెలకు 8,880 రూపాయలు మించరాదని షరతు పెట్టింది.

ఒప్పందం మీద భయం ఎందుకు కలిగింది?

చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఆసియాన్ కూటమిలోని 10 దేశాలు, మన దేశం కలిసి ఒక పెద్ద వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు జరిపాయి. దీనిని ఆర్‌సీఈపీ అంటారు. జులై 2017లో 19వ విడత చర్చలు మన హైదరాబాదులోనే జరిగాయి. అదే సమయంలో రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, రోగుల పక్షాన పనిచేసే సంస్థలు నగరంలో సమావేశమై తమ ఆందోళనను తెలిపాయి. ఒప్పందం ముసాయిదాను ప్రజలకు చూపలేదు. బయటకు పొక్కిన కాగితాల ద్వారానే కొన్ని సంగతులు తెలిశాయి. ముఖ్యమైనవి ఇవి:

1. పేటెంట్ గడువును 20 సంవత్సరాలకు మించి పొడిగించాలనే ప్రతిపాదన.

2. మందు పరీక్షల సమాచారంపై మొదటి కంపెనీకి కొన్నేళ్లు ప్రత్యేక హక్కు. ఇది ఉంటే పేటెంట్ లేని మందుకు కూడా చౌక మందు త్వరగా రాదు.

3. రైతు విత్తనం దాచుకొని ఇచ్చిపుచ్చుకునే హక్కు తగ్గుతుందనే భయం. మన దేశంలో 2001 నాటి చట్టం ఈ హక్కును కాపాడుతున్నది.

4. న్యూజిలాండ్ నుండి చౌక పాలపొడి వస్తే, ఒకటి రెండు బర్రెలతో బతికే కుటుంబాలకు పాల ధర పడిపోతుందనే భయం.

చివరి రెండూ మందుల పుస్తకంలో ఎందుకని అడగవచ్చు. వికారాబాద్, తాండూరు పల్లెలలో మందుల డబ్బు ఎక్కడిది? కంది పంట నుండి, పాలు పోసిన డబ్బు నుండే కదా! ఆదాయం తగ్గి మందు ధర పెరిగితే, రెండు వైపులా దెబ్బ రోగికే.

ఇలాంటి ఒప్పందాల వల్ల ఎగుమతులు, ఉద్యోగాలు పెరుగుతాయని, పరిశోధనకు ఖర్చుపెట్టిన కంపెనీకి ప్రతిఫలం ఉండాలని చెప్పేవారూ ఉన్నారు. అందులోనూ న్యాయం ఉంది. కానీ మందు అందని రోగి పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తరువాత ఏమి జరిగింది?

4 నవంబరు 2019న బ్యాంకాక్‌లో మన దేశం ఈ ఒప్పందం నుండి బయటకు వచ్చింది. దిగుమతులు పెరిగి రైతులు, చిన్న పరిశ్రమలు దెబ్బతింటాయనేది అందుకు ముఖ్య కారణం. మిగిలిన 15 దేశాలు 2020లో సంతకం చేశాయి. మందులకు సంబంధించిన పై రెండు ప్రతిపాదనలు ఆ చివరి పత్రంలో చేరలేదు. అయితే స్విట్జర్లాండ్, నార్వే మొదలైన నాలుగు దేశాలతో 2024లో చేసుకున్న ఒప్పందం చర్చలలో పరీక్షల సమాచారం విషయం మళ్ళీ వచ్చింది. అంటే ఇది ముగిసిన కథ కాదు.

ప్రజలు అడిగితే ఫలితం ఉంటుంది. అనంతగిరి క్షయ ఆసుపత్రి పేరు తెలియనివారు మన ప్రాంతంలో ఉండరు. మందులకు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ మందుపై పేటెంట్ పొడిగింపును ఎదిరించి, క్షయ నుండి కోలుకున్న ఇద్దరు మహిళలు 2019లో అభ్యంతరం దాఖలు చేశారు. మార్చి 2023లో పేటెంట్ కార్యాలయం ఆ పొడిగింపును నిరాకరించింది.

మీరు చేయవలసినవి

• మందు ఖరీదు భారమైతే డాక్టరు గారికి గాని, నర్సుకు గాని చెప్పండి. సిగ్గుపడకండి.
• ఈ మందుకు జనరిక్ ఉందా అని అడగండి. జన ఔషధి షాపులో విచారించండి. డాక్టరును అడగకుండా మందు మార్చవద్దు.
• క్షయ, హెచ్.ఐ.వి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.
• డబ్బు లేదని మందు సగం చేయవద్దు, మానవద్దు. ముందు మా దగ్గరకు రండి.

ఆ తల్లికి కూడా అదే చెప్పాను. డాక్టరు గారు చీటీలో జనరిక్ మందు రాసి ఇచ్చారు. ఇప్పుడు ఆ అబ్బాయి రెండుపూటలా గోలీ వేసుకుంటున్నాడు.