వార్తల్లో పదం: థర్మల్ డిజైన్ పవర్
చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరాల వార్తల్లో ‘టీడీపీ 15 వాట్లు’ అని కనిపిస్తోంది. రాజకీయం కాదు, థర్మల్ డిజైన్ పవర్. గట్టిగా పనిచేసేటప్పుడు చిప్ పుట్టించే వేడిలో కూలింగ్ వ్యవస్థ బయటికి పంపాల్సిన మేర అది. 2020 నాటి ఇంటి కన్సోల్ ప్లేస్టేషన్ 5, 2022 నాటి చేతి పరికరం స్టీమ్ డెక్ రెండింటిలోనూ ఉన్నది ఏఎండీ జెన్ 2 ప్రాసెసరే. మొదటిది బరువైన ఆటలకు దాదాపు 200 వాట్లు లాగుతుంది, రెండోదాని చిప్‌కు 15 వాట్లే గరిష్ఠం. చిప్‌లు మెరుగైతే ఈ తేడా చెరిగిపోతుందంటారు. కొంత నిజమే, పాత కన్సోల్ ఆటలు కొన్నేళ్లకు చేతిలోకి వస్తున్నాయి. కానీ ఆ మెరుగుదల కొత్త కన్సోల్‌కూ దక్కుతుంది కదా! పైగా 40 వాట్-అవర్ల బ్యాటరీ పూర్తి వేగంతో నడిచే చిప్‌నూ తెరనూ రెండు గంటలు మోయడమే గగనం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడే బన్సీలాల్‌పేట్ కుర్రాళ్లు జీబీలతో పాటు ఈ వాట్లూ అడగాలి.