వేయిపడగలు – మన చదువరులు



చదువుకొన్న తెలుగిండ్లలో వేయిపడగల పేరెత్తినంతనే మాట రెండుగ చీలును. అది నవల కాదు, మన జాతి చరిత్రమని కొందరు కన్నుల కద్దుకొందురు. నూరు పుటలు చదివి బీరువాలో పెట్టితిమని మఱికొందరు నవ్వుదురు. ఈ భేదమునకు కారణమేమి? గృహిణి దీని నెట్లు చదువవలయును? ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

విశ్వనాథ సత్యనారాయణగారు (1895–1976) ఈ నవలను 1934లో రచించిరి. వారు చెప్పుచుండగా తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరనియు, 29 దినములలో ముగిసెననియు ప్రసిద్ధి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారి పోటీలో దీనికిని, అడివి బాపిరాజుగారి నారాయణరావునకును బహుమానమును పంచి యిచ్చిరి. పిమ్మట పాములపర్తి వేంకట నరసింహారావుగారు దీనిని సహస్రఫణ్ అను పేర హిందీ చేసిరి.

సుబ్బన్నపేట యను గ్రామమే యిందలి కథారంగము. అచటి దేవుడు, కోట, పంటపొలములు, పండితులు, కళలు అన్నియు నొక్క ధర్మముతో ముడివడి యుండెను. వేయిపడగల పాము ఆ ధర్మమునకు ప్రతిరూపము. క్రొత్త కాలము వచ్చినకొలది పడగ లొక్కొక్కటిగ రాలిపోవును. ధర్మారావు దానినంతను కన్నులార చూచి పరితపించును.

చదువరుల మొదటి ఫిర్యాదు గ్రంథవిస్తరమును గూర్చినది. కథ నడుచుచుండగా సంగీతము, విద్య, రాజ్యాంగము, వ్యవసాయము మొదలగు చర్చలు పుటలకొలది వచ్చును. ఇంగ్లీషు నవలల వేగమున కలవాటుపడినవారికి ఇది విసుగు. కాని మనకు పురాణశ్రవణము క్రొత్త కాదు గదా! అరణ్యపర్వములో పాండవుల కథ నాపి నలుని కథయు, సావిత్రి కథయు చెప్పుచున్నప్పుడు లేచిపోయిన శ్రోత యెవరు? ఈ గ్రంథపు నడకయు నట్టిదే. దినమున కొక భాగము చొప్పున, మధ్యాహ్నము పనులు తీరినపిమ్మట, ఒకరు చదువగా నలుగురు వినుచో విసుగు చాలవఱకు తొలగును. ఒక చర్చ కొఱుకుడు పడనిచో దాటిపోయి, మరల వెనుకకు వచ్చినను దోషము లేదు.

రెండవ ఆక్షేపణ అంత తేలికగ తీరునది కాదు. రచయిత పూర్వాచారములయందు దృఢమైన పక్షపాతము గలవారు. బాల్యవివాహ నిరోధ చట్టము 1930లో అమలునకు వచ్చినది. ఆ చర్చలింకను చల్లారకముందే ఈ నవల పుట్టినది. దేవదాసి యింట పుట్టిన గిరిక వేణుగోపాలస్వామినే భర్తగ భావించి, నాట్యమునే పూజగ జేసికొని జీవించును. ఆమె కథ చదివి కంట తడిపెట్టనివారు అరుదు. అయినను బాలికలను దేవళములకు సమర్పించుటను మదరాసు ప్రభుత్వము 1947లో చట్టముచే నిషేధింపవలసి వచ్చెను. గిరిక వంటి భక్తురా లొకతె యుండవచ్చును. ఆ యాచారమున నలిగిన తక్కిన బాలికల మాట యేమని యడుగుట అరసికత కాదు.

మా వీధిలో నొక యత్తగారును, కళాశాలలో చదివిన కోడలును ఈ గ్రంథమును కలసి చదివిరి. కోడలు దీనిని నిరసించుననియు, అత్తగారు తలదాల్చుననియు మేమందఱ మనుకొంటిమి. జరిగినది వేఱు. కోడలు గిరిక నాట్యఘట్టమును మూడుమార్లు చదివినది. అత్తగారు మాత్రము పుస్తకము ముగిసినపిమ్మట నాతో నిట్లనిరి: "అమ్మాయీ! ఆదిశేషుని పడగలమీద భూభార ముండునందురు గదా. తక్కిన పడగలన్నియు పోయినపుడు ఆ బరువంతయు నెవరి తలమీద పడినట్లు?"

ఈ ప్రశ్నయే మనకు ముఖ్యము. గ్రంథాంతమున అన్నియు నశింపగా దాంపత్యధర్మ మొక్కటి మిగులుననుట రచయిత భావము. కోటలు, కొలువులు, కళలు నిలుపలేనిదానిని భార్యాభర్తలు నిలుపవలయును! ఇది స్త్రీకి గొప్ప గౌరవమే, సందేహము లేదు. ఆ గౌరవముతోపాటు ఎంత భార మామెపై మోపబడినదో చెప్పవలసినవారు పండితులు కారు, విమర్శకులు కారు. ఆ భారమును దినదినము మోయుచున్న మనమే.

కావున ఇది మహాగ్రంథమని భయపడి నోరు మూసికొన నక్కరలేదు. అభిప్రాయములు నచ్చలేదని పుస్తకమును మూసివేయ నక్కరలేదు. ఇందలి సుబ్బన్నపేటను, ధర్మారావు ఆవేదనను, అరుంధతి సౌమ్యతను వదలుకొన్నచో నష్టము మనదే. వాదించుచునే చదువుదము. తల్లిదండ్రులతో భేదాభిప్రాయము వచ్చినంత మాత్రమున ఇల్లు విడిచిపోవుట లేదు గదా!

ఈ వేసవిలో తీరిక గల సోదరీమణులు దీనిని ఆసాంతము చదివి, ఆ వృద్ధురాలి ప్రశ్నకు తమకు తోచిన సమాధానమును ఈ పత్రికకు వ్రాసి పంపుదురుగాక యని కోరుచున్నాను.