‘వేణ్ణీళ్లకు చన్నీళ్లు’: శ్రీకాకుళం జిల్లా కుటుంబాల్లో స్త్రీల పాక్షిక ఉపాధి, ఇంటి ఆదాయవ్యయాల నిర్వహణ

వ్యాససంగ్రహం:
ఇంటిపనితోపాటు పూటపనో, ఇంటి దగ్గర చేసే పనో చేసుకునే స్త్రీల సంపాదనను తెలుగు సమాజం ‘వేణ్ణీళ్లకు చన్నీళ్లు’ అంటుంది. ఈ జాతీయాన్ని చిన్నపాటి ఆసరా అనే అర్థంలోనే వాడుతున్నాం. నరసన్నపేట పరిసరాల వ్యవసాయ క్యాలెండరును, పొందూరు నూలు, పలాస జీడి, నరసాపురం లేసు పనులను, పొదుపు సంఘాల చరిత్రను, చాసో కథలను పరిశీలిస్తే ఆ అర్థం సరిపోదని తెలుస్తుంది. ఇంటి లెక్కలో ఈ ఆదాయం విలువ దాని మొత్తం మీద కంటే అది చేతికందే సమయం మీద ఎక్కువగా ఆధారపడి ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పాక్షిక ఉపాధి, ఇంటి లెక్క, ఉత్తరాంధ్ర, పొదుపు సంఘం, వడ్డీ పదజాలం, చాసో.

1. ఉపోద్ఘాతం

జాతీయాలు నిత్యవ్యవహారంలో అరిగిపోయి, అసలు దృశ్యాన్ని మరుగుపరుస్తాయి. ‘వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు’ అలాంటిదే. భర్త జీతం వేణ్ణీళ్లు, భార్య కుట్టుమిషను మీద తెచ్చేది చన్నీళ్లు. ఉన్నదానికి మరికొంత చేరింది అని మనం సరిపెట్టుకుంటాం. కాని కాగులో మరిగిన నీళ్లను ఎవరూ నేరుగా ఒంటిమీద పోసుకోలేరు. చన్నీళ్లు తొలిపితేనే అవి స్నానానికి పనికివస్తాయి. జాతీయంలోని దృశ్యాన్ని యథాతథంగా తీసుకుంటే, రెండో ఆదాయం మొదటిదాన్ని పెంచేది మాత్రమే కాదు, దాన్ని వాడుకోదగినదిగా చేసేది కూడా. ఈ అర్థం ఇంటి లెక్కకు ఎంతవరకు వర్తిస్తుందో చూడటానికి నరసన్నపేట ప్రాంతం అనువైనది. ఇక్కడ వంశధార నీటిమీద ఆధారపడిన వరిసాగు ఉంది. జాతీయ రహదారి పక్కన పెరిగిన వ్యాపారం ఉంది. విశాఖపట్నానికి, హైదరాబాదుకు, చెన్నైకి వలసపోయిన మగవాళ్లు పంపే డబ్బు ఉంది. ఈ మూడు ఆదాయాలకూ మూడు వేరువేరు కాలగతులున్నాయి.

2. ఏడాదికి వచ్చే డబ్బు, రోజూ అయ్యే ఖర్చు

ఖరీఫ్ వరి మీద బతికే కుటుంబానికి దమ్ములు, ఉభాలు జరిగే జూన్, జూలై, ఆగస్టు నెలలు డబ్బు పోయే కాలం. కోతలు, నూర్పులు ముగిసి ధాన్యం అమ్ముడుపోయే సంక్రాంతి ముందువెనకలు డబ్బు వచ్చే కాలం. బడి మాత్రం జూన్‌లో తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫారాలు, కళాశాల ప్రవేశాలు, బస్సు పాసులు అన్నీ విత్తనం, ఎరువు కొనవలసిన నెలల్లోనే వచ్చి పడతాయి. ఏడాది మొత్తానికి లెక్కవేస్తే ఆ కుటుంబం లోటులో లేకపోవచ్చు. జూన్‌లో మాత్రం లోటులో ఉంటుంది. వలస కుటుంబాలది మరో తీరు. అక్కడ డబ్బు నెలనెలా రావాలి, కాని పని ఆగిన నెల రాదు.

ఈ ఎడాన్ని పూడ్చేది అప్పు. మన ప్రాంతంలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం. ‘మూడు’ అనే అంకె చెవికి చిన్నగా వినిపించడం వల్ల దాని బరువు తెలియదు. ఈ పదజాలం జనంలో ఎంత బలంగా నాటుకున్నదో ప్రభుత్వానికీ తెలుసు. అందుకే సంఘాల రుణాలకు ఏడాదికి 3 శాతం వడ్డీ పడే పథకానికి ‘పావలా వడ్డీ’ అనే పేరే పెట్టారు.

ఒక ఊహాత్మకమైన లెక్క తీసుకుందాం. ఒక కుటుంబం జూన్‌లో మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి, జనవరిలో ధాన్యం డబ్బు రాగానే ఒకేసారి తీర్చింది. ఏడు నెలల వడ్డీ 2,100 రూపాయలు. అదే అప్పును ఇల్లాలి కుట్టుపని డబ్బుతో అసలులో నెలకు 1,500 చొప్పున, చివరి నెల 1,000 చొప్పున తగ్గిస్తూ, మిగిలినదానికే వడ్డీ కడుతూ వస్తే మొత్తం వడ్డీ 1,155 రూపాయలు. అప్పు సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 385 రూపాయలే. మొదటి పద్ధతిలో కుట్టుపని డబ్బు ఇంట్లో ఖర్చయిపోయింది కాబట్టి దాని విలువ దానంతే. రెండో పద్ధతిలో అదే డబ్బు 945 రూపాయల వడ్డీని ఆపింది. ఇంటి లెక్కలో ఈ 945 ఏ ఆదాయం పద్దులోనూ రాదు. రానివాటిని లెక్కపెట్టే అలవాటు మనకు లేదు.

ప్రభుత్వ పథకాల్లోనూ ఈ కాలభేదం కనిపిస్తుంది. తల్లి ఖాతాలో వేసిన ‘అమ్మఒడి’ డబ్బు 2020లో, 2021లో జనవరి నెలలో జమయింది. 2022లో, 2023లో జూన్ నెలాఖరున జమయింది. వరి పండించే ఇంట్లో జనవరిలో అందిన సొమ్ము ఉన్న డబ్బులో కలిసిపోతుంది. జూన్‌లో అందినది అప్పును ఆపుతుంది. నిపుణుల చర్చ ఎక్కువగా సొమ్ము ఎంత, ఎందరికి అన్నదాని చుట్టూ తిరిగింది. తల్లులకు మాత్రం నెల మారడం పెద్ద మార్పు.

పేదల ఆదాయం తక్కువ కావడం ఒక్కటే సమస్య కాదని, అది సక్రమంగా రాకపోవడం, ఎప్పుడొస్తుందో తెలియకపోవడం అంతే బాధాకరమని 2009లో వెలువడిన ‘పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్’ అనే గ్రంథం వివరించింది. భారత్, బంగ్లాదేశ్, దక్షిణాఫ్రికాలలోని కుటుంబాల డబ్బు రాకపోకలను రోజువారీ పద్దుల రూపంలో సేకరించడం దాని ప్రత్యేకత.

3. ‘తీరిక’ అనే మాట

ఈ చిన్న ఆదాయాన్ని తీరికవేళల పని అనడం మరో అలవాటు. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలపై జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటను గట్టిగా ప్రశ్నించింది. విదేశీ విపణికి సరుకు తయారుచేస్తూ రోజుకు ఎన్నో గంటలు పనిచేసినా, వాళ్లు ఇళ్లలో ఖాళీగా కూర్చోక ఏదో అల్లుకునే గృహిణులుగానే పరిగణన పొందారు. ఆ పేరు వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె వాదన.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88. దాదాపు ఐదు గంటలు. పైగా అవి ఒకచోట కుదురుగా ఉండే ఐదు గంటలు కావు; నీళ్లు, పొయ్యి, బడి బస్సు, పశువు, ముసలివాళ్ల మందులు పగటిని ముక్కలు చేస్తాయి. పాక్షిక ఉపాధి అంటే సగం రోజు పని అనుకుంటాం గాని, ఆ ముక్కల మధ్య మిగిలిన సందుల్లో ఇమిడే పని అనడం సబబు.

అందువల్ల ఏ పని ఇముడుతుంది అన్నది కూలిరేటు కంటే ముందు తేలవలసిన విషయం. పొందూరు ఖద్దరుకు నూలు వడికే స్త్రీలను చూస్తే ఇది స్పష్టమవుతుంది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేయడం, ఏకులు తయారుచేయడం, రాట్నం మీద వడకడం ఇంట్లోనే సాగుతాయి. అన్నం ఉడికే శబ్దం విని లేచి, తిరిగి వచ్చి కూర్చున్నా నూలు చెడదు. ఎంత వడికితే అంతకే కూలి. ఆగడానికి వీలైన పని కావడం దాని బలం. ఆగినంతసేపూ కూలి లేకపోవడం దాని బలహీనత. పలాస జీడి పరిశ్రమలో పిక్క కొట్టే పని దీనికి భిన్నం. పెంకులోని జిడ్డు చేతులను కాలుస్తుంది. ఆ చేతులతో వెంటనే వంటకో, పసిపిల్లను ఎత్తుకోవడానికో వెళ్లలేరు. ఇక బట్టల దుకాణంలో అమ్మకపు పని నెలజీతం ఇస్తుంది కాని, పండుగల ముందు, పెళ్లిళ్ల ముహూర్తాల్లో, అంటే ఇంట్లోనూ పని పెరిగే రోజుల్లోనే ఎక్కువసేపు నిలబెడుతుంది. తక్కువ కూలి వచ్చినా కుట్టుమిషనును వదలని స్త్రీని ఆశ లేనిదని అనడానికి లేదు. ఆమె రెండు లెక్కలను కలిపి చూస్తోంది.

4. పోపులడబ్బా, కొంగుముడి, ముడుపు

అమెరికన్ సామాజికవేత్త వివియానా జెలిజర్ 1994లో ప్రచురించిన గ్రంథంలో, ఇళ్లలో డబ్బంతా ఒకే రకంగా చెలామణి కాదని, మనుషులు దానికి గుర్తులు పెట్టి విడదీస్తారని చూపారు. తెలుగు ఇల్లాలికి ఇది కొత్త సంగతి కాదు. పోపులడబ్బాలో దాచినది ఇంట్లో ఎవరికీ చెప్పని అత్యవసర నిధి. కొంగుముడిలోనిది ఆ పూట చేతిఖర్చు. పసుపుగుడ్డలో కట్టిన ముడుపు దేవుడిది. ఎంత అవసరం వచ్చినా విప్పకూడదు. మూడింటికీ చోటు వేరు, విప్పే అధికారం వేరు. బ్యాంకు ఖాతా వీటన్నిటినీ ఒక్క అంకెగా కలిపేసింది. ఫోనులో డబ్బు పంపే ఏర్పాటు వచ్చాక ఆ అంకె ఇంట్లో నలుగురికీ తెలిసిపోతోంది. పారదర్శకత మంచిదే. కాని పోపులడబ్బాకున్న రహస్యం చాలా ఇళ్లలో తాగుడు నుంచి బియ్యాన్ని కాపాడింది కూడా.

ఏ ఖర్చు ముందు అన్నది ఎవరు తేల్చుతారు? శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన చాసో ఈ ప్రశ్నను రెండు కథల్లో రెండు వైపుల నుంచి చూపారు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో బడి మానవలసివచ్చిన కృష్ణుణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. చుట్టలకు చిల్లర దొరికే ఇంట్లో చదువుకు దొరకదు. తండ్రి దుర్మార్గుడు కాడు; చిన్న ఖర్చు రోజూ తీరుతుంది, పెద్ద ఖర్చు ఒక్కసారిగా నిలదీస్తుంది, అంతే. ‘వాయులీనం’లో ఇల్లాలి జబ్బుకు ఆమె ఫిడేలే అమ్ముడుపోతుంది. ఆ ఇంటి ఆస్తుల జాబితాలో ఫిడేలు వస్తువు. ఆమెకు మాత్రం అది విద్య. భర్త ప్రేమతోనే అమ్ముతాడు కనుక ఆ కథ మరింత బాధిస్తుంది. సాధారణంగా ఈ కథలను మధ్యతరగతి దారిద్ర్యచిత్రణగా బోధిస్తుంటాం. ఇంట్లో డబ్బు మీద నిర్ణయం ఎవరిదనే కోణంలో చదివించడం విద్యార్థులకు మరింత దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

5. సంఘం, వాయిదా

1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు ఆరంభించిన బ్యాంకు అనుసంధానం, ఆ తర్వాత 2000లో ఆరు జిల్లాల్లో మొదలైన ‘వెలుగు’ ప్రాజెక్టు ఈ ప్రాంతపు ఇంటి లెక్కను మార్చాయి. ఆ ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. సంఘం చేసిన ముఖ్యమైన పని చిన్న మొత్తాలను ఇంటి బయట దాచుకునే చోటు కల్పించడం. అందులో దాచినది అడిగినప్పుడు ‘సంఘంలో ఉంది’ అని చెప్పవచ్చు. భర్త అయినా వెంటనే తీయించలేడు. పోపులడబ్బాకు బదులు పదిమంది సాక్షులున్న డబ్బా దొరికిందన్నమాట.

కాని వారంవారం చేతికొచ్చే డబ్బు వారంవారం వసూలు చేసేవాళ్లనూ రప్పిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థలు స్త్రీలకే అప్పులివ్వడానికి, వారపు వాయిదాలు పెట్టడానికి కారణం వేరే వెతకనక్కరలేదు. తాకట్టు పెట్టడానికి భూమి లేని ఇంట్లో ఆమె కూలిడబ్బే తాకట్టయింది. ఒక సంస్థ వాయిదాకు మరో సంస్థ అప్పు తేవడం, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తర్వాత అది చట్టమైంది. తిరిగి చెల్లింపుల శాతం ఎక్కువగా ఉండటాన్ని ఇప్పటికీ సమీక్షల్లో విజయంగా చెబుతుంటారు. ఆ వాయిదా కుట్టుపని మిగులు నుంచి వచ్చిందా, పిల్లల పాలు తగ్గించడం నుంచి వచ్చిందా, చేబదులు నుంచి వచ్చిందా అన్నది ఆ శాతంలో కనిపించదు.

ఇంటి లెక్క రాసుకునేవారికి దీనినుంచి ఒక ఆచరణ సూత్రం తీయవచ్చు. ఈ చిన్న ఆదాయాన్నంతటినీ నెలవాయిదాకు ముందే కట్టబెట్టేస్తే, జ్వరం వచ్చి పని ఆగిన వారమే కొత్త అప్పు మొదలవుతుంది. కనీసం ఒక వాయిదాకు సరిపడా మొత్తం వేరుగా నిలవ చేరేదాకా కొత్త వాయిదా ఒప్పుకోకపోవడం మేలు. జూన్ ఖర్చును జూన్‌లో కాక ఫిబ్రవరి నుంచే, ధాన్యం డబ్బు చేతిలో ఉన్నప్పుడే విడదీసి ముడుపు కట్టడం మరో మార్గం. ముడుపును దేవుడికే పరిమితం చేయనక్కరలేదు.

6. గంటల లెక్కన బోధన

ఈ విషయం మన వృత్తికి దూరమైనది కాదు. పరిశోధన పూర్తిచేసి, లేదా పూర్తిచేస్తూ, కళాశాలల్లో అతిథి అధ్యాపకులుగా పనిచేసేవారికి చెప్పిన తరగతుల లెక్కన పారితోషికం వస్తుంది. వేసవి సెలవుల్లో తరగతులుండవు. జూన్‌లో పిల్లల బడి తెరిచేనాటికి వారి చేతిలో ఉన్నది అంతకుముందు మిగిల్చుకున్నదే. వరి రైతుకు జూన్ ఎలాంటిదో గంటల లెక్కన బోధించే అధ్యాపకురాలికీ అలాంటిదే. పాఠం తయారుచేసుకున్న గంటలు, జవాబుపత్రాలు దిద్దిన గంటలు, ప్రయాణం, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. నరసాపురం లేసు స్త్రీలకు ‘తీరిక’ అనే మాట చేసినదే ఇక్కడ ‘అతిథి’ అనే మాట చేస్తోంది. ఇంటికి వచ్చాక వంటగది మిగిలే ఉంటుంది గనుక ఈ భారం స్త్రీల మీద రెండింతలు.

7. గోడ క్యాలెండరు

ఇటువంటి పరిశోధనకు ఆధారాలు ఎక్కడ? ‘మీ నెలసరి ఆదాయం ఎంత’ అని అడిగే ప్రశ్నావళికి చాలా ఇళ్లలో ఊహించి చెప్పిన ఒక అంకె జవాబుగా వస్తుంది. కాని ప్రతి ఇంటి గోడమీదా ఒక తెలుగు క్యాలెండరు ఉంటుంది. తిథి, వర్జ్యం అచ్చయిన గడిలోనే పాలు పోయని రోజుకు సున్నా, గ్యాసు బండ మార్చిన తేదీ, చీటీ పాట రోజు, సంఘం సమావేశం, ఎవరి జాకెట్టు ఎప్పుడిచ్చారు, ఎంత బాకీ అన్నవి ఇల్లాలి చేతిరాతలో ఉంటాయి. కొన్ని అక్షరాలు, కొన్ని గీతలు, కొన్ని ఆమెకు మాత్రమే తెలిసిన గుర్తులు. డబ్బు ఏ తేదీన వచ్చి ఏ తేదీన పోయిందో చెప్పే పత్రం అంతకంటే నమ్మదగినది లేదు. కొత్త సంవత్సరం రాగానే వీటిని పిల్లల పుస్తకాలకు అట్టలుగా వేస్తారు. జనవరి మొదటి వారంలో పది ఇళ్లకు వెళ్లి, ఇల్లాలి అనుమతితో పాత క్యాలెండరును అడిగి తెచ్చుకోగలిగిన పరిశోధకుడికి పన్నెండు కాగితాల్లో ఒక ఇంటి ఏడాది దొరుకుతుంది.